మూడు రోజులు తొడిగి ఉంచిన గౌను

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను, నా మోకాళ్లు, నీ కుట్టుమిషను ముగ్గురం క్షేమం. అక్కడ నీ కుడిచెయ్యి, దానికి కాపలా కాస్తున్న మీ అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కట్టు విప్పేదాకా సూది ముట్టుకుంటే ఊరుకోనని మీ అమ్మ అందట. ఈ ఒక్క విషయంలో నేను మీ అమ్మ పక్షమే.

వేళకి తింటున్నావా అని ఎడమచేత్తో రాశావు. తింటున్నాను. కళ్లద్దాలు మార్పించావా అన్నావు. ఈ వారం మార్పిస్తాను. వెల్వెట్ నూగు కిందివైపుకి ఉండేలా కత్తిరించావా అన్నావు చూడు, నలభై ఏళ్లు కోట్లు కుట్టినవాణ్ణి అడగాల్సిన మాటేనా అది? తాతకు దగ్గులు నేర్పుతున్నావు. ఇక సంగీతం టీచరుగారి బొమ్మ గౌను ఏమైందన్నావు. దానికి జవాబు రాయబోయి రెండు కాగితాలు చింపాను. ఇది మూడోది. ఫోనులో చెప్దామంటే నీ గొంతు వినగానే సగం మింగేస్తాను. మొన్న మీ అమ్మ ఫోను చేసి "అంతా బాగేనా?" అని మామూలుగా అడిగితే, "నేనేం చేశాను?" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలు.

ముందు పని సంగతి. మూరెడు కూడా లేని బొమ్మకి విందు గౌను కుట్టడం ఆరడుగుల మనిషికి కోటు కుట్టడం కంటే కష్టమని నువ్వెన్నిసార్లు అన్నా నేను నవ్వేవాణ్ణి. ఇక నవ్వను. నడుము చూస్తే నా బొటనవేలి కంటే కాస్త లావు. లోపల మడత ఒక్క నూలుపోగు ఎక్కువైతే చాలు, మహాతల్లికి పొట్ట వచ్చేస్తుంది! మూడుసార్లు విప్పి కుట్టాను. నాలుగోసారి ఆ ముదురు ఎరుపు వెల్వెట్ నడుముని పట్టుకుని కిందికి జారితే, శభాష్ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అంచు మాత్రం బిర్రబిగుసుకుని నిలబడింది. మా కోట్ల పద్ధతి నీకు తెలుసు. కుట్టిన కోటుని మూడు రోజులు కొయ్యబొమ్మకి తొడిగి వదిలేస్తే అంచు దానంతటదే కుదురుకుంటుంది. నువ్వేమో వెళ్తూ వెళ్తూ గోడకి కాగితం అంటించావు, "ముదురు రంగు గౌను తొడిగి చూడు, వెంటనే విప్పెయ్యి" అని. అది నీ చాదస్తం అనుకున్నాను. టీచరుగారి బొమ్మకే తొడిగి మూడు రోజులు ఉంచేశాను.

నాలుగో రోజు విప్పి చూశాను. రొమ్ము నుంచి తొడల దాకా గులాబీరంగు మరక. వెల్వెట్ రంగుని ఆ ప్లాస్టిక్ ఒళ్లు పీల్చేసింది. సబ్బుతో రుద్దాను, స్పిరిటుతో తుడిచాను. దేనికీ లొంగలేదు. ఆవిడ నలభై ఏళ్లుగా చిన్న గీత కూడా పడకుండా దాచుకున్న బొమ్మమ్మా అది. మళ్లీ గౌను తొడిగి, లోపలి మరక కనపడదులే అని నోరు మూసుకుని కూర్చున్నాను.

ఈ పొద్దున టీచరుగారు వచ్చారు. గౌను చూసి మురిసిపోయారు. ఆ తర్వాత వెనక బొత్తాలు తీశారు. బొమ్మలు సేకరించేవాళ్లు లోపలి కుట్టు కూడా చూసుకుంటారట, నాకేం తెలుసు!

"ఇదేంటండీ?" అన్నారు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

"ముదురు గుడ్డ రంగు దిగుతుందని నాకు చెప్పిందే మీ అమ్మాయి. తనే ఇలా చేసిందంటే ఎలా నమ్మను?"

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నీ చెయ్యి విరిగిందనీ, నేను కుడుతున్నాననీ ఆవిడకి చెప్పమన్నావు కదా. చెప్పలేదు. కోట్ల దర్జీ అంటే బొమ్మని వెనక్కి తీసుకుంటారేమోనని, నువ్వే కుట్టేసి ఊరెళ్లావని చెప్పాను. ఆ అబద్ధం అక్కడే ఉంది కాబట్టి, దాని మీద ఇంకోటి పెట్టాను.

"చిన్నపిల్ల, పొరపాటు చేసింది. క్షమించండి" అన్నాను.

అవునమ్మా, ఈ నోటితోనే అన్నాను. ఆవిడ బొమ్మని గుడ్డలో చుట్టుకుని, "రేపు బొమ్మల ప్రదర్శనలో నా బొమ్మ ఏదని అందరూ అడుగుతారు. జరిగింది జరిగినట్టు చెప్తాను" అని వెళ్లిపోయారు. నీకు పని ఇచ్చేవాళ్లంతా రేపు అక్కడే ఉంటారు. నా కుట్టుకి ఇన్నేళ్లలో ఒక్కరూ వంక పెట్టలేదు. ఆ పేరు నిలుపుకోవడానికి నీ పేరు ఇచ్చేశాను. నువ్వు తిట్టినా తక్కువే. నాకు చాలా సిగ్గుగా ఉంది.

ప్రదర్శన రేపు పదింటికి. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. ఇప్పటికి రెండుసార్లు బయల్దేరాను. ఒకసారి గొడుగు మర్చిపోయానని, ఇంకోసారి గ్యాసు కట్టానో లేదోనని వెనక్కి వచ్చాను. బయట వాన లేదు, గ్యాసు కట్టే ఉంది. అందుకే ముందు ఇది రాశాను. పోస్టు డబ్బా ఆవిడ వీధి మలుపులోనే ఉంది. ఉత్తరం అందులో వేశాక, ఆవిడ తలుపు తట్టకుండా ఇంటికి వచ్చే దారి నాకు ఉండదు.

ఇట్లు,
మీ నాన్న