సుందరి చక్రాల చెక్క

కొత్తపేట,
మే 1981

ప్రేమగల అన్నయ్యకి, చెల్లెలు సుందరి వందనాలు.

సంగతి విని కంగారుపడి విశాఖపట్నం నుంచి పరుగెత్తుకు రావద్దు. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. దెబ్బ తగిలింది లక్ష్మీకాంతం గారికి. హైస్కూలు తెలుగు మాస్టారు సూర్యనారాయణమూర్తి గారి తల్లి. నువ్వు చేసిచ్చిన చక్రాల చెక్క మీద కుట్టుషాపుకి వెళ్తూ కాలవ వంతెన దిగుతున్నాను. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ దిగుడులో చెక్కని నెట్టుకునే చేతికర్రలు నేలకి ఆనించను. పోలియో కాళ్లదానికి పరుగంటే అదొక్కటే కదా. ఆవిడ నా ముందు అంచునే నడుస్తున్నారు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి రోడ్డుకి అడ్డంగా వచ్చారు. కర్రలు రెండూ ఆనించాను. చెక్క ఆగలేదు. ఆవిడ కాలు విరిగింది.

మాస్టారు కేసు పెట్టారు. కన్నతల్లి కాలు విరిగితే ఏ కొడుకు ఊరుకుంటాడు? పోలీసులు చెక్క పట్టుకెళ్లారు. అది బండి కిందికి వస్తుందో రాదో వాళ్లకే తేలలేదు. అమ్మ మళ్లీ నన్ను వీపున మోస్తోంది. ఇంత వయసొచ్చినదాన్ని! వంతెన ఎక్కేటప్పుడు అమ్మ రొప్పు వింటుంటే చచ్చిపోదామనిపిస్తోంది.

మన ప్లీడరు ముత్యాలరాజు గారు, "ఆవిడెందుకు వెనక్కి తిరిగేరో చెప్పమ్మా. సగం తప్పు అటెళ్లిపోద్ది" అన్నారు. తెలియదండీ అన్నాను.

తెలుసు అన్నయ్యా. కింద నుంచి పెళ్లివారు మేళంతో వస్తున్నారు. భర్త పోయిన మనిషి శుభకార్యానికి ఎదురు రాకూడదు కదా, వాళ్ల కళ్లబడకముందే తప్పుకుందామని తిరిగారు. ఆ క్షణంలో ఆవిడ ముఖం చూశాను. చిన్నప్పుడు పెద్దిళ్ల వీధిలో ఎవరైనా ఎదురైతే అమ్మ నన్నెత్తుకుని పక్కకి తప్పుకునేది, గుర్తుందా? అప్పుడు అమ్మ ముఖం అలాగే ఉండేది.

పదిమందిలో ఆ మాట ఆవిడచేత చెప్పించి నేను గెలవాలా? వాయిదా నాడు తప్పు నాదేనని ఒప్పేసుకుంటాను. చెక్క తిరిగిచ్చినా ఇక ఎక్కను. ఇంట్లోనే కూర్చుని జాకెట్లు కుట్టుకుంటాను. నువ్వు లారీ షెడ్డుల చుట్టూ తిరిగి బేరింగులు ఏరి తెచ్చి చేశావు. నా మీద కోపం పెట్టుకోకు.

నీ చెల్లి,
సుందరి

కొత్తపేట,
జూన్ 1981

అమ్మా సుందరీ, నువ్వు నూరేళ్లూ చల్లగా ఉండాలని దీవిస్తూ లక్ష్మీకాంతం రాస్తున్నది.

కట్టుకాలితో రిక్షాలో కోర్టుకొచ్చిననాడు నీతో మాట్లాడదామంటే ప్లీడర్లు చుట్టూ మూగారు. నువ్వా, ఒకటే ఏడుపు. అందుకని రాస్తున్నాను. మంచాన పడ్డదానికి వేరే పనేముంది? కోడలు నన్నడక్కుండా పులుసులో బెల్లం గుమ్మరిస్తుంటే వాసన చూస్తూ పడుకోవడమే.

"తప్పు నాదేనండి" అని నువ్వనగానే మేజిస్ట్రేటు గారు రాసుకోబోయారు. నాకు ఒళ్లు మండింది. "ఆగండి బాబూ! పెళ్లివారికి ఎదురు రాకూడదని నేనే చటుక్కున తిరిగేను. ఈ పిల్ల చూసింది. చూసి కూడా నోరు మెదపలేదు" అన్నాను. మావాడు తల దించుకున్నాడు. వాడి పెళ్లి ఊరేగింపు బయల్దేరినప్పుడు నేను వెనక గదిలో ఉన్నాను. ఆ సంగతి గుర్తొచ్చి ఉంటుంది.

మావైపు ప్లీడరు ఇంకా బండి, బ్రేకు అంటున్నాడు. "బండేమిటయ్యా, అవి దాని కాళ్లు. నడిచేవాళ్లిద్దరు గుద్దుకుంటే కేసేమిటి? నాకు రాజీ సమ్మతమే" అన్నాను. మేజిస్ట్రేటు గారు నీకూ సమ్మతమేనా అని అడిగితే నువ్వు "ఆయ్" అన్నావు చూడు, ఆ చిన్న మాటతో కేసు కొట్టేశారు.

ఇంకో మాట. పడ్డప్పుడు నా తల నీ ఒళ్లో ఉంది. నీ ఓణీ చింపి నా కాలికి కట్టావు. మడి, మైల అంటూ బతికిన ఇన్నేళ్లలో నన్ను అలా పట్టుకున్నవాళ్లు లేరు తల్లీ.

నువ్విక చెక్క ఎక్కనన్నావని మీ అమ్మ చెప్పింది. అదేం కుదరదు. స్టేషను నుంచి మావాడే తెచ్చి, నూనె వేసి, ముందు సైకిలు గంట కూడా బిగించాడు. ఈ ఉత్తరంతో పాటు వాడే పట్టుకొస్తున్నాడు. కట్టు విప్పగానే నేనూ వంతెన మీదికి వస్తాను. ఎదురుగా పెళ్లివారే రానీ, ఊరంతా రానీ. నువ్వు గంట కొట్టు. పక్కకి జరుగుతాను గాని, వెనక్కి మాత్రం తిరగను.

ఇట్లు,
మీ మామ్మగారు
లక్ష్మీకాంతం