బల్లకు వాల్చిన కుర్చీ

హిల్డాకు,

ఇక్కడ నేను క్షేమం, పిల్లి నాకంటే క్షేమం. అక్కడ నువ్వూ, కాలు విరిగిన మీ అక్కయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను. పూలకుండీలకు నీళ్లు పోస్తున్నాను. ఒకటి చచ్చింది, ఏదని అడగకు. మన చీజ్ దుకాణం బాగానే నడుస్తోంది. బయట తిండి తింటున్నావా అని అడిగావు. గురువారాలు మాత్రమే, అదీ సంతలో మన పబ్బులోనే. అక్కడే వచ్చింది చిక్కు. నాకింకా బుర్ర పనిచెయ్యడం లేదు. వరసగా చెబుతాను, నువ్వే తేల్చు.

పోయిన గురువారం పబ్బులో కాలు పెట్టే చోటు లేదు. మన మూల బల్ల దగ్గర కూర్చుని, నీ కుర్చీ ఎవరైనా లాక్కుపోతారేమోనని దాన్ని ముందుకు వంచి బల్లకు వాల్చాను. నేను చేసింది అంతే. కాసేపటికి చూస్తే చుట్టూ గొంతులు తగ్గిపోయాయి. పబ్బు యజమాని విల్ఫ్ బారు వదిలి, తనే నా సాసేజీల పళ్లెం మోసుకొచ్చాడు. ఆ మనిషి బారు వదిలి రావడం ఎప్పుడైనా చూశావా?

"తిను ఎర్నీ, నీరసపడిపోతావ్."

"నాకేం నీరసం? గుర్రంలా ఉన్నాను."

"మొదట్లో అందరూ అలాగే అంటార్లే," అని భుజం నొక్కి వెళ్లాడు.

అందరికీ బీరు పోయించే వంతు నాది. లేస్తే లేవనివ్వలేదు. "కూర్చోవయ్యా బాబూ, ఇవాళ నీకు వంతు లేదు," అన్నారు. వంతు ఎగ్గొట్టినవాణ్ణి నెల్లాళ్లు ఏడిపించే మనుషులు! వీళ్లకేమైందా అని తల గోక్కున్నాను.

అంతలో చేపల డోరీన్ వచ్చింది. నిన్ను మొహం మీదే గయ్యాళి అన్న ఆ డోరీనే. నా పళ్లెంలో మిగిలిన బఠానీలు చూసి భోరుమంది.

"అయ్యో, ఇంక నీ బఠానీలు ఎవరు తింటారు ఎర్నీ! హిల్డాకి నోరు పెద్దదే గానీ మనసు వెన్న. నా కొట్లోకి వాననీళ్లొచ్చిన రోజు స్కర్టు ఎగ్గట్టి నాతోపాటు తోడింది. ఒక్క మంచి మాట అన్లేకపోయా."

"వచ్చాక అను," అన్నాను.

"వచ్చాకట! పాపం, ఇంకా నమ్మలేకపోతున్నాడు," అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

అప్పుడు తట్టింది. మన పబ్బులో అలా కుర్చీని బల్లకు వాల్చేది చనిపోయినవాళ్లకి. తాళాల హెర్బర్ట్ పోయినప్పుడు వారం రోజులు ఆయన కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. తెలియక కూర్చున్న టూరిస్టును లేపింది నువ్వే కదా. ముప్పై ఏళ్లుగా ఎరిగిన ఆచారం వాల్చేటప్పుడు నాకెందుకు గుర్తు రాలేదో! పట్టపగలు, నలభై మంది ఎదుట నిన్ను చంపేశాను హిల్డా.

ఇక అసలు సంగతి. ఇది రాయలేక మూడు కాగితాలు చింపాను. నేను వాళ్లకు నిజం చెప్పలేదు. అక్క ఇంట్లో క్షేమంగానే ఉందంటే, ఎప్పుడొస్తుందని అడుగుతారు. నీ ఉత్తరంలో మాత్రలున్నాయి, కుండీలున్నాయి, ఎప్పుడొస్తావో మాత్రం లేదు. దుకాణం మూసేసి మీ అక్కయ్య ఊళ్లో సముద్రం పక్కన ఉందామని నువ్వన్న రోజు, "నువ్వు లేకపోయినా బతుకుతాను గానీ, సంత లేకుండా బతకలేను," అన్నాను. నువ్వు పెట్టె సర్దుకున్నావు. మీ అక్కయ్య కాలు ఆ వారమే విరిగింది కాబట్టి ఎందుకు వెళ్లావో నన్నెవరూ అడగలేదు.

ఆ గురువారం సంత మొత్తం నా చుట్టూనే ఉంది. అయినా నాకు ఊపిరాడలేదు. ఆ మాట ఏ నోటితో అన్నానో నాకు తెలియడం లేదు. ఏం చెయ్యాలో కూడా తెలియడం లేదు. అక్కడి జనం చీజ్ బాగా తింటారా? కాస్త కనుక్కో.

విల్ఫ్ ఆ కుర్చీని ఇంకా అలాగే ఉంచాడు. దాన్ని దించడానికి నాకు చేతులు రావడం లేదు. వచ్చి నువ్వే దించు. లోపలికి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గు, డోరీన్‌కు గుండె ఆగిపోగలదు.

ఇట్లు,
ఇంకా నీ మొగుణ్ణే అనుకుంటున్న
ఎర్నీ