సవిత షుగర్ ఫ్యాక్టరీ

జులై 8, మంగళవారం

స్కూలుకు పది ట్యాబ్‌లొచ్చాయి. కెమెరాను బొమ్మ కార్డు మీదికి తిప్పితే స్క్రీన్‌లో గుండె బెంచీ మీద లేచి నిలబడి కొట్టుకుంటుందట. హెడ్‌మాస్టర్ సురేందర్ సార్ కొబ్బరికాయ కొట్టి, ప్రతి కార్డుకూ ఇంత కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు పడ్డ కార్డును ట్యాబ్ గుర్తుపట్టదు. ఒక్క బొమ్మా లేవలేదు. మాల్ డూప్లికేట్ అని తేల్చి అన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు ముట్టుకోనే లేదు. చిరాకేసింది.

జులై 10

తాళం అడుక్కున్నాను. కార్డులు తడిగుడ్డతో తుడిచాను. గుండె లేచింది.

జులై 17, గురువారం

ఎనిమిదో తరగతిలో సవిత అని ఎడపల్లి పిల్ల. తల్లి బీడీలు చుడుతుంది. అందరూ గుండెను చూసి కేకలు పెడుతుంటే, ఇందులో మన బొమ్మలు కూడా పెట్టొచ్చా అని అడిగింది. పెట్టొచ్చన్నాను. వారం నుంచి లంచ్ బెల్లు కొడితే చాలు, ట్యాబ్ ముందు కూర్చుంటోంది.

ఇవాళ గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి చూపించింది. వాళ్ళ తాత పనిచేసిన షుగర్ ఫ్యాక్టరీ. అది మూతబడి ఏళ్లయింది, ట్యాబ్‌లో నడుస్తోంది. నీళ్ల ట్యాంకు దగ్గర చెరుకు బండ్లు, కబడ్డీ కోర్టు మీద రసం పిండే రోలర్లు, గేటు పక్కన పొగగొట్టం. పిల్లలు రోలర్ల కింద వంగి దూరారు. నేనూ వంగాను. ఇంత సంతోషంగా పాఠం చెప్పి ఎన్నాళ్లయిందో.

జులై 21, సోమవారం

రేపు జిల్లా ఆఫీసర్లు వస్తున్నారు. ఫ్యాక్టరీని స్కూల్ కమిటీ చైర్మన్ బిడ్డ చూపిస్తుందట, తనే చేసినట్టు. ఇదేం పద్ధతని అడిగాను. సార్ పళ్ళు కుట్టుకుంటూ, "గా పిల్లకు ఇంగ్లీష్ రాదు గద మేడం, స్కూల్ ఇజ్జత్ పోతది" అన్నారు. సవితకు చాయ్ కప్పుల డ్యూటీ వేశారు. ట్యాబ్ ఎలా పట్టుకోవాలో ఆ అమ్మాయికి నేర్పే పనీ సవితదే.

థూ.

జులై 22, సాయంత్రం

చైర్మన్ బిడ్డ గ్రౌండ్ మధ్యలో ట్యాబ్ ఎత్తి, బట్టీ పట్టిన స్పీచ్ మొదలుపెట్టింది. దిస్ ఈజ్ మై షుగర్ ఫ్యాక్టరీ. వెనక నిలబడ్డ నాకు స్క్రీన్ కనిపిస్తోంది. అందులో ఏమీ లేదు. ఉత్త గ్రౌండ్, గడ్డి మేస్తున్న మేక. పిల్ల తడబడింది. సార్ కళ్ళు ఉరిమారు. మళ్ళీ అందుకుంది. ఆఫీసర్లలో ఒక్కరూ స్క్రీన్ వైపు తల తిప్పలేదు, అందరి చూపూ ఫోటోగ్రాఫర్ మీదే. ఎక్సలెంట్ అన్నారు. చప్పట్లు కొట్టారు. సార్ నా వైపు చూశారు. నేనూ కొట్టాను.

జులై 23

ఎందుకు చెరిపేశావని సవితను పక్కకు పిలిచి అడిగాను.

"ఏం లేదని మీకు కనవడ్డది గద మేడం. మీరు గూడ సప్పట్లు కొట్టిండ్రు" అన్నది.