దిష్టి చెప్పు

మానుకోట,
12-7-83

అక్కకు,

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నేనూ బాగానే ఉన్నాను కానీ, రొట్టె ముట్టలేకపోతున్నాను.

మా ఆయన అద్దెకు తిప్పే కారుకు దిష్టి తగలొద్దని అత్తమ్మ దాని వెనక తన పాత ప్లాస్టిక్ చెప్పు కట్టింది. అది కరిగి సైలెన్సర్ గొట్టానికి అంటుకుంది. ఆయన ఇంజను వేడిచేసి, వంటింట్లో అట్లకాడ తెచ్చి గీకారు. పేడ తొక్కిన ఆ చెప్పు బెల్లం పాకంలా తీగలు సాగింది. ఆ కంపుకు నాకు వాంతయింది.

అదే అట్లకాడతో అత్తమ్మ రొట్టెలు తిప్పుతోంది. "కడిగినం గదనే పిల్లా! గింత నాజూకైతే ఎట్ల?" అంటోంది. ఎదురు చెప్పలేక ఉపవాసమని అబద్ధమాడుతున్నాను.

నువ్వు వచ్చేటప్పుడు కొత్త అట్లకాడ తీసుకురా. నేనడిగానని చెప్పకు.

ఇప్పుడే కిటికీలోంచి చూశాను. అత్తమ్మ కారుకు రెండో చెప్పు కడుతోంది. అక్కా, రెండు అట్లకాడలు తీసుకురా.

నీ చెల్లెలు