స్కాన్ ఫిల్ములో కోసిన రెండు బొమ్మలు

హోసూరు,
సోమవారం.

అన్నకు, తమ్ముడు మునిరాజు చేతులు జోడించి రాస్తున్నది. ఆసుపత్రి మంచం మీద ఉన్నా నేను బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ, బిడ్డ గౌరి కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. పొద్దున ఇడ్లీ, మాపటికి గంజి. రాగిసంగటి కోసం ప్రాణం కొట్టుకుంటోంది. మత్తిగిరిలో నా రూములో ఉండేవాళ్ళు షిఫ్టు దిగాక వచ్చి చూసి పోతారు. మిగతా పొద్దంతా ఒంటరినే. అయినా దిగులు పడవద్దు, బాగానే ఉన్నాను.

రెండేళ్ళ కిందట నాకు కామెర్లప్పుడు తీసిన స్కాన్ ఫిల్ము నువ్వు బస్సులో పంపావు కదా. డాక్టరు దాన్ని కొత్త ఫిల్ము పక్కన లైటు మీద పెట్టి చూశాడు. ఇప్పుడు లివర్‌లో ఉసిరికాయంత మచ్చ ఉంది. అప్పుడూ అంతే ఉంటే అది రక్తనాళాల ముడి, కోస్తే రక్తం ఆగదు, దాన్ని ముట్టుకోకూడదట. అప్పుడు లేకపోతే చెడ్డ గడ్డ కావచ్చు, కోసి తీయాలట. తీరా చూస్తే ఆ చోటు కనబడే రెండు బొమ్మలనూ ఎవరో కత్తెరతో కోసేశారు. పాత రిపోర్టు నేనెప్పుడో పారేశాను. "ఆ ముక్కలు యాడున్నా తెప్పించప్పా. బుధవారం దాకా చూస్తా, ఆపైన కోయాల్సిందే" అన్నాడు డాక్టరు.

కోపం వస్తే నాకు కళ్ళు కనబడవని నీకు తెలుసు. గౌరి తప్ప ఇంకెవరు కోస్తారని వెంటనే నీకు రాసేశాను. బిడ్డను కొట్టావని, రెండు రోజులుగా సరిగా తినడం లేదని నిన్న బస్సులో నీ జవాబు వచ్చింది. అది చదువుతుంటే గుర్తొచ్చింది.

కోసింది నేనే అన్నా. పోయిన ఏడు సూర్యగ్రహణం నాడు సెలవు మీద వచ్చి, సూర్యుణ్ణి చూడాలని ఆ ఫిల్ము నేనే కోశాను. "చిన్నాయనా, నాకొకటి, అవ్వకొకటి" అనింది గౌరి. రెండూ దాని చేతికే ఇచ్చాను. ఏడేళ్ళ పిల్ల, నా పేరు చెప్పకుండా దెబ్బలు తినింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ముక్కలు ఎక్కడ పెట్టిందో మెత్తగా అడుగు. దొరికితే బుధవారం పొద్దున రాయకోట బస్సు డ్రైవరు చేతికివ్వు, రూమువాళ్ళు బస్టాండులో తీసుకుంటారు. ఆపరేషను మాట అమ్మ చెవిన వేయవద్దు. అమ్మకు, వదినకు నా దండాలు. నీ ఆశీర్వాదం నాకు కావాలి.

వెతకడానికి ముందే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, తప్పు చిన్నాయనదని చెప్పు. ఆ ముక్కలు దొరక్క నాకేమన్నా అయితే, తన వల్లే పోయానని అది బతికినన్నాళ్ళూ అనుకుంటుంది.

నీ తమ్ముడు,
మునిరాజు