గురువారం గోలీ

19 జూన్ 2025, గురువారం. రైల్లో

నన్ను హెల్త్ అంబాసిడర్‌ని చేశారు. జీవశాస్త్రం చెప్పేది మీరే కదా పద్మారాణి మేడం, అన్నారు హెడ్‌మాస్టర్ బాలస్వామి సార్. అసలు కారణం అది కాదు. మీటింగ్‌లో అందరూ తలలు దించుకున్నారు, నేను ఫ్యాన్ వైపు చూస్తూ దొరికిపోయాను. రోజూ వికారాబాద్ నుంచి తాండూరుకు రైలు, మళ్లీ వెనక్కి. ఇప్పుడు నూట పన్నెండు మంది ఆడపిల్లల రక్తం కూడా నా నెత్తి మీదే.

ట్రైనింగ్‌లో ఒకటే మాట పదిసార్లు చెప్పారు. ప్రతి గురువారం భోజనం తర్వాత ఐరన్ గోలీ. ముందు టీచర్ మింగాలి, తర్వాతే పిల్లలు. మధ్యాహ్నం అన్నం కూడా మేం రుచి చూశాకే కదా వడ్డిస్తారు. సరే అన్నాను.

24 జూన్, మంగళవారం

హెల్త్ టీం వచ్చింది. వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూశారు. తొమ్మిదో తరగతి ఫర్హత్‌కి 8.2. పన్నెండు ఉండాలి. మొదటి బెంచీ పిల్ల, నేను బోర్డు మీద గీసిన బొమ్మను గీత తప్పకుండా నోట్‌బుక్‌లో దింపుతుంది. ఈ పిల్లకు వారానికి ఒకటి చాలదు, రోజూ ఒకటి మీ కళ్ల ముందే వేయించండి అని డాక్టర్ మనీషా నాకు అప్పజెప్పింది.

26 జూన్, గురువారం. మధ్యాహ్నం 2

నీలం గోలీ నోట్లో వేసుకున్నాను, నీళ్లు తాగాను, నవ్వాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత మూతి తుడుచుకున్నట్టు చేసి గోలీని కర్చీఫ్‌లోకి ఉమ్మేశాను.

మా అబ్బాయి సుశాంత్ కడుపులో ఉన్నప్పుడు ఈ గోలీలతోనే ఐదు నెలలు వాంతులు. సాయంత్రం రైల్లో అంతమంది మధ్య కక్కుకోవాలా? పిల్లలు మింగితే చాలు. రిజిస్టర్‌లో రాశాను: 112కి 112.

10 జూలై, గురువారం

కర్చీఫ్ మీద నీలం మరక సబ్బుతో పోవడం లేదు.

2 ఆగస్టు, శనివారం

స్టాఫ్ వెల్‌నెస్ డే. లెక్కల బాల్‌రాజ్ సార్ శవాసనంలో గురక పెట్టారు, అందరం నవ్వాం. నా బీపీ 160 బై 100. మెషీన్ పాడైందన్నాను. పాడైంది మెషీన్ కాదని నాకు తెలుసు.

జిల్లా వాట్సాప్ గ్రూప్‌లో మా స్కూల్‌కి మెచ్చుకోలు. వంద శాతం. ఎన్ని బొటనవేళ్లో! సిగ్గు లేకుండా మూడుసార్లు తెరిచి చూసుకున్నాను.

21 ఆగస్టు, గురువారం

ఫర్హత్ మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. ఏమైందంటే ఏం లేదు మేడం, జర దమ్మొస్తున్నది అన్నది. గోలీ రోజూ వేసుకుంటున్నావు కదా అంటే, మీ ముందటనే కదా మేడం అన్నది. నిజమే. నోట్లో వేసుకుంటుంది, నీళ్లు తాగుతుంది, నేను టిక్కు పెడతాను. ఇంకా అడగొచ్చు. అడగలేదు. బెల్ కొట్టారు.

9 సెప్టెంబర్, మంగళవారం

ఫర్హత్‌కి 6.4.

రెండున్నర నెలల గోలీల తర్వాత పెరగాల్సింది తగ్గింది. డాక్టర్ మనీషా రిజిస్టర్ చూసింది, నన్ను చూసింది, మళ్లీ రిజిస్టర్ చూసింది. రక్తం ఎక్కించాలి, రేపే వికారాబాద్ పంపండి, ఇంకా పడిపోతే గుండె తట్టుకోదు అన్నది. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. స్టాఫ్‌రూంలో అటూ ఇటూ తిరుగుతుంటే బాల్‌రాజ్ సార్, మిమ్మల్ని చూస్తుంటె నాకు కళ్లు తిరుగుతున్నయి మేడం, జర కూసోండి అన్నారు.

10 సెప్టెంబర్, బుధవారం. ఉదయం 11

రాయకపోతే ఊపిరాడదు.

హెడ్‌మాస్టర్ ఫర్హత్ వాళ్ల అమ్మను పిలిపించారు. అలీమాబీ, ఇంట్లో కుట్టుమిషన్ మీద బట్టలు కుడుతుంది. బిడ్డకు తిండి సక్కగ పెడ్తలేవా అని గద్దించారు. ఆమె ఏడ్చింది. రక్తం పడ్తదని వారానికి రెండుసార్లు మేక కలేజీ వండుతున్న సార్, నేను తినకుంట దానికే పెడ్తున్న అన్నది.

ఫర్హత్ తట్టుకోలేకపోయింది. అమ్మీ తప్పేం లేదు సార్, గోలీ నేను రోజూ పద్ధతిగానే తీసుకుంటున్న అన్నది. నోట్లె పెట్టుకోవాలె, నీళ్లు తాగాలె, తర్వాత మెల్లగ చున్నీల తీసేయాలె, మేడం జేసినట్లే. మందు నోట్లనుంచే రక్తంలకు పోతది కదా మేడం అని నన్నే అడిగింది. పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. ఇంకో నలుగురికి కూడా నేర్పిందట.

బాలస్వామి సార్ నా వైపు చూశారు. నేను అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: పిల్లలు ఏవేవో ఊహించుకుంటారు సార్.

ఫర్హత్ చున్నీ సర్దుకుని అమ్మ చెయ్యి పట్టుకుంది. తల్లీకూతుళ్లు పన్నెండింటి బండికి హాస్పిటల్‌కి వెళ్తున్నారు.

11 సెప్టెంబర్, గురువారం. ఉదయం 7.20

హాస్పిటల్ మా ఇంటికి పది నిమిషాల నడక. గేటు దాకా వెళ్లాను. రైలు టైమ్ అయిందని చెప్పుకుని వచ్చేశాను. ప్లాట్‌ఫాం మీద ఉన్నాను. రైలుకి ఇంకా నలభై నిమిషాలుంది.

ఫర్హత్ గురించి జిల్లాకు పంపాల్సిన రిపోర్టులో కారణం అనే గడి ఖాళీగా ఉంది. ఇంటి నిర్లక్ష్యం అని రాయండి, మనకు గొడవ లేదు అన్నారు సార్. రెండే మాటలు. పెన్ను తీశాను. అలీమాబీ చేతులు గుర్తొచ్చాయి, సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అదే రోజు. ఉదయం 9

రైలు వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

వార్డు బయట అలీమాబీకి అంతా చెప్పాను. నేను మింగలేదు, మీ అమ్మాయి చూసింది నిజమే అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా బిడ్డను అందరి ముందట అబద్ధాలదాన్ని జేసిండ్రు కదా మేడం, గీ మాట నాకెందుకు, దానికి చెప్పుండ్రి అన్నది. అప్పటికి రెండో బాటిల్ ఎక్కుతోంది, ఫర్హత్ నిద్రపోతోంది. లేచాక చెప్పాను. సరే మేడం అన్నది. అంతే. తిట్టినా బాగుండేది.

కారణం గడిలో రాశాను: టీచర్ మింగినట్టు నటించింది.

18 సెప్టెంబర్, గురువారం. తిరుగు రైల్లో

అందరి ముందూ చెప్పాను. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత గోలీ మింగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈసారి ఒక్కొక్కరినీ అడిగి, నిజంగా మింగినవాళ్లనే లెక్క పెట్టాను. 41. జిల్లాలో మనమే అడుగున ఉంటం అని బాలస్వామి సార్ తల పట్టుకున్నారు. నాకు మెమో వస్తుందట. రానీ.

ధారూర్ దగ్గర కడుపులో తిప్పింది. కిటికీ పట్టుకుని కూర్చున్నాను. వాంతి కాలేదు.

9 అక్టోబర్, గురువారం

దసరా సెలవుల తర్వాత ఫర్హత్ వచ్చింది. 9.6.

గోలీ ఇస్తే వేసుకోలేదు. ముందు మీరు అన్నది. మింగాను. నోరు తెరవమన్నది. తెరిచాను. నాలుక ఎత్తమన్నది. నూట పదకొండు మంది చూస్తుండగా ఎత్తాను.

దగ్గరికొచ్చి, వంగి, రెండు బుగ్గల లోపలా చూసింది. అప్పుడు మింగింది.