బండ ఉల్లి ఉన్న గుంట

అన్నకు, నీ చెల్లెలు లక్ష్మీదేవి కాళ్లకు మొక్కి రాస్తున్న సంగతులు.

నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? గొర్రెలకు గాలికుంటు టీకా వేయించావా? ఇక్కడ నేనూ మీ బావా బాగున్నాం, మా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఫోన్‌లో మాట్లాడితే నీకు సరిగా వినబడదు, నాకేమో నీ గొంతు వినగానే మాట రాదు. అందుకే రాస్తున్నాను. వదినను నిదానంగా చదివి వినిపించమను.

సిమెంటు తట్టలు మోయడం మానేసి ఒక కాలేజీ తోటలో పనికి కుదిరానని చెప్పాను కదా. మీ బావ తాపీ పని మానలేదు. నా పనంతా పచ్చటి వల కప్పిన పందిరి కిందే. అక్కడ పువ్వు పూయని, విత్తనం కట్టని మొక్కలే పెంచుతారు. నాచు, ఫెర్నులు, అలాంటివి. పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాలి. ఒంటికి కష్టం లేదన్నా, నిజంగానే లేదు. చల్లగా ఉంటుంది. అయినా ఆ చల్లదనం నాకు ఇంకా అలవాటు కాలేదు. సంగటి ఇక్కడా దొరుకుతుంది, కానీ మన గుట్ట మీద బండ నీడన కూర్చుని ఊరిబిండి నంజుకుని తిన్న రుచి రాదు.

చేరిన వారానికే ఒక ఘనకార్యం చేశాను. నవ్వొద్దు. ఒక పెద్ద ఫెర్ను ఆకులు తిప్పి చూస్తే వెనకంతా గోధుమ రంగు చుక్కలు వరసగా ఉన్నాయి. పురుగు పట్టిందనుకున్నాను. తడిగుడ్డ తీసుకుని ఆకు ఆకూ శుభ్రంగా తుడిచేశాను. పెద్ద తోటమాలి మునియప్ప వచ్చి చూశాడు. ఆయనది తాతల నాడే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం.

“ఏమ్మా, ఏం చేస్తా ఉండావు! నిలుపు, నిలుపు! మేడమ్ మూడు నెలల నుంచి దానికోసరమే కాచుకోని ఉండాది!” అని తల పట్టుకున్నాడు.

మేడమ్ ఆ మొక్కల పాఠాలు చెప్పే ఆవిడ. కన్నడం మనిషి, నాతో వచ్చిన తెలుగులోనే మాట్లాడుతుంది. నా చేతిలోని గుడ్డ తీసి పక్కన పెట్టింది. తర్వాత, “లక్ష్మీదేవమ్మా, అవి పురుగులు కాదు. దాని పిల్లలు” అంది.

వాటికి గింజ ఉండదట. ఆ చుక్కల్లోంచి పసుపు కంటే మెత్తటి పొడి రాలి, తడి నేల దొరికితే మొలుస్తుందట. ఇంటికి వచ్చి ఏడ్చాను. పని పోతుందన్న భయం కంటే, తెలియక చేసిన పాపం ఎక్కువ బాధ పెట్టింది. మరునాడు మేడమ్ తిట్టలేదు. తన భూతద్దం నా చేతికిచ్చి, “ఈసారి తుడిచే ముందు చూడు” అంది. ఆ రోజు నుంచి ప్రతి కుండీ చూస్తూనే ఉన్నాను.

పోయిన నెల మేడమ్, మునియప్ప ఆనేకల్ పక్కన ఒక బండగుట్టకు పోతూ నన్నూ తీసుకుపోయారు. ఆ గుట్టను కంకరకు ఇచ్చేశారు. పైన నీటి గుంటల్లో ఉండే ఒక మొక్కను పేల్చేలోపు తెచ్చుకోవాలని మేడమ్ ఆరాటం. డ్రిల్లింగ్ మిషన్ల దగ్గరున్న మేస్త్రి, “కూలోళ్లు అన్నం తిని లేచేదాకానే, ఆమైన దిగిపోవల్ల” అని గడువు పెట్టాడు. ఎక్కి చూస్తే గుంటలన్నీ ఎండి, మట్టి పెంకుల్లా పగిలి ఉంది. ఒక్క పచ్చటి పోచ లేదు. మేడమ్ బండ మీద కూలబడి, “లేట్ ఆయితు. పోయింది” అంది. అంత చదువుకున్న మనిషి కళ్లలో నీళ్లు చూసి నేనూ పక్కన కూర్చున్నాను.

ఆ మొక్క ఎలా ఉంటుందని అడిగితే ఫోన్‌లో బొమ్మ చూపించింది. అన్నా, అది మన బండ ఉల్లి! వానాకాలం మన గుట్ట పైగుంటలో ఉల్లినారులా లేచేదే. పోచ పీకి మొదలు నొక్కితే తెల్లటి రవ్వ రాలేది కదా. గుజ్జెనగూళ్లు ఆడుతూ దాన్నే ఉప్మా అని ఆకులో పెట్టి ఇస్తే, ఉప్పు తక్కువైందని నువ్వు అలిగి గొర్రెల్లోకి వెళ్లి కూర్చునేవాడివి. ఆ అలకతో సహా అంతా కళ్ల ముందుకు వచ్చింది.

“మేడమ్, ఇది సావలేదు. మా గుట్ట మీద ప్రతి ఎండకాలం ఇట్లే ఎండిపోతాది. వాన పడితే లేస్తాది” అన్నాను.

మీ బావ పాత తాపీ నా సంచిలోనే ఉంటుంది. దానితో పెంకు లేపి గీకితే, కింద బఠాణీ గింజంత నల్లటి గడ్డలు. వాటి చుట్టూ అదే తెల్లటి రవ్వ. మేడమ్ నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే తవ్వింది. మునియప్ప తన తలగుడ్డ విప్పి అందులో మట్టి ఎత్తాడు. మేస్త్రి కేకలు వేసేదాకా మూడు సంచులు నింపాం. నాలుగు రోజులకు ఆ గుట్టను పేల్చేశారని మునియప్ప చెప్పాడు.

మట్టిని తొట్లలో పోసి నీళ్లు పెట్టాను. పన్నెండు రోజులు ఏమీ లేదు. నా మాట నమ్మి అంత మట్టి తవ్వి మోశారే అని అన్నం సయించలేదు. పదమూడో పొద్దున వెంట్రుకంత సన్నటి పోచలు, ఆకుపచ్చగా. మేడమ్ నా భుజం పట్టుకుని ఊపేసింది. భూమి మీద పువ్వు అనేదే పుట్టకముందు నుంచి ఈ జాతి ఉందట. దీని చుట్టాలు ఒకప్పుడు తాటిచెట్లను మించిన మానులట. అవన్నీ పోయి ఈ పోచ మిగిలింది. మనం దానితో ఉప్మా వండాం.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఆదివారం వదిన ఫోన్ చేసి, వానలు పడేలోపు గుట్ట మీది పైగుంటలో మట్టి తోడేసి, సిమెంటు వేసి గొర్రెలకు నీళ్లు నిలబెట్టాలని నువ్వు అనుకుంటున్నావని చెప్పింది. మేతకు తిరిగే జీవాలకు నీళ్లు కావాలి, కాదనను. కింది గుంట పెద్దది, దానికి వేసుకో. సిమెంటు వేయడానికి మీ బావను నేనే పంపుతాను. పైగుంట మాత్రం వదిలెయ్యి అన్నా. నిన్ను నేను ఇంతవరకు ఏదీ అడగలేదు.

వదినకు నా నమస్కారాలు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతకాయ తొక్కు పంపమను. పిల్లలను బాగా చదువుకోమని చెప్పు. పెద్దమ్మ కాళ్లకు నా తరఫున మొక్కు. మా ఇద్దరి మీదా నీ దీవెన ఉండాలి.

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు పైగుంట తోడేసి ఉంటే బాధపడవద్దు, నీ మీద నాకు కోపం రాదు. ఆ మట్టి ఎక్కడ పోశావో ఆ చోట ఒక రాయి పెట్టి ఉంచు. నేను వచ్చి ఎత్తుకుంటాను.

నీ చెల్లెలు,
లక్ష్మీదేవి